కరెంటు పెట్టించుకున్నా మోకాళ్ళ నొప్పి తగ్గలేదు, ఇక ఆపరేషనేనా?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. నాకు 53 ఏళ్ళు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ చీరల కొట్టులో పనిచేస్తున్నాను. రోజంతా పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించడం, మళ్ళీ లేచి అరల్లోంచి కట్టలు తీయడం. మా ఇల్లు చిట్టినగర్ వైపు కొండ మీద, రోడ్డు నుంచి 72 మెట్లు. రెండేళ్ళుగా రెండు మోకాళ్ళూ నొప్పి, కుడిది ఎక్కువ. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి, గుజ్జు అరిగిపోయింది, మూడో స్టేజీ అన్నారు. మాత్రలు రాసి, ఫిజియోథెరపీ చేయించుకోమన్నారు. రోజుకు 300 చొప్పున పది రోజులు వెళ్ళాను. కాపడం పెట్టి కరెంటు పెట్టేవారు. చేయించుకున్న పూట హాయిగా ఉండేది, కొండెక్కేసరికి మళ్ళీ మామూలే. చివరి రోజు ఎక్సర్‌సైజుల బొమ్మలున్న కాగితం ఒకటి ఇచ్చారు. మూడు రోజులు చేశాను, నొప్పి ఇంకా ఎక్కువైంది. భయమేసి మానేశాను. అరిగిన కీలును కదిపితే ఇంకా అరుగుతుంది వదినా అని మా ఆడపడుచు అంటోంది. ఇప్పుడు మెడికల్ షాపులో నొప్పి మాత్ర తెచ్చుకుని వేసుకుంటూ నెట్టుకొస్తున్నాను. బీపీ ఉంది. బరువు 76 కిలోలు. ఏటా ఇంద్రకీలాద్రి మీద మెట్లపూజ చేసేదాన్ని, రెండేళ్ళుగా అదీ లేదు. ఫిజియోథెరపీకి పెట్టిన డబ్బు దండగేనా? ఆపరేషన్ తప్పదా?

పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ

సమాధానం:

అమ్మా, మీరు భయపడి పక్కన పెట్టిన ఆ కాగితమే అసలు వైద్యం. అంతకుముందు పది రోజులు జరిగింది దానికి ముందుమాట. డబ్బు దండగ కాలేదు గానీ, ముందుమాట దగ్గరే పుస్తకం మూసేసినట్టయింది. ఇందులో మీ తప్పు లేదు. ఆ ఎక్సర్‌సైజులు మీ చేత ఎదురుగా చేయించి, ఎంత నొప్పి వస్తే భయపడక్కర్లేదో, ఎంత వస్తే ఆగాలో చెప్పి పంపాల్సింది. చివరి రోజు కాగితం చేతికిచ్చి పంపేస్తే మీలాగే మూడోరోజుకు మానేసి నా దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. మీకు చెప్పకుండా వదిలేసిన ఆ మాటలే ఇప్పుడు వివరంగా రాస్తాను.

ముందు కరెంటు సంగతి. మీకు పెట్టింది ఐఎఫ్‌టీ గానీ టెన్స్ గానీ అయి ఉంటుంది, రెండూ చర్మం మీంచి సన్నటి కరెంటు పంపే పద్ధతులే. మోకాలి చుట్టూ ప్యాడ్లు అంటిస్తే చీమలు పాకినట్టు జివ్వుమంటుంది. మోచేయి గుమ్మానికి కొట్టుకున్నప్పుడు వెంటనే రెండో చేత్తో గట్టిగా రుద్దుకుంటాం కదా. రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుందో 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతంతో వివరించారు. నొప్పి కబురు మెదడుకు చేరేముందు వెన్నుపాములో ఒక గేటు దాటాలి, స్పర్శ కబుర్లు ఎక్కువగా వస్తే ఆ గేటు కొంత మూసుకుంటుంది అన్నారు. కరెంటు చేసేది కూడా అలాంటి పనే. మిషను తీసేశాక కాసేపటికి గేటు మళ్ళీ తెరుచుకుంటుంది. ఈలోగా మోకాలిలో మారింది ఏమీ ఉండదు, అందుకే కొండెక్కేసరికి మామూలైపోయింది. బ్రిటన్‌లో డాక్టర్లకు మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2022లో కీళ్ళ అరుగుదల గురించి ఇచ్చిన సూచనల్లో కరెంటు, అల్ట్రాసౌండ్ తరంగాలతో చేసే చికిత్స లాంటివి వద్దంది. వ్యాయామం మాత్రం ఈ జబ్బున్న ప్రతి ఒక్కరికీ ఇవ్వమంది.

నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టినప్పుడు నేనూ బల్లల మీద వరసగా పడుకోబెట్టి, ప్యాడ్లు పెట్టి, టైమరు తిప్పి పంపేసేదాన్ని. వచ్చినవాళ్ళు హాయిగా ఉందమ్మా అంటుంటే అదే వైద్యం అనుకున్నాను. ఒక పెద్దావిడ నాలుగు నెలలు అలాగే తిరిగింది. ఒకరోజు బల్ల దిగాక కుర్చీలో కూర్చుంది, లేవలేకపోయింది. ఇద్దరం పట్టుకుని లేపాం. నాలుగు నెలలు నా దగ్గరికి వచ్చిన మనిషి కాళ్ళలో బలం పెరగకపోగా తగ్గిందని ఆరోజు కళ్ళారా చూశాను. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇప్పుడు కాపడం పెట్టినా, కరెంటు పెట్టినా, ఆ తర్వాత చేయించబోయే ఎక్సర్‌సైజుకు శరీరం సహకరించాలనే పెడతాను.

ఇక మీ ఆడపడుచు గారి మాట. ఆవిడ మీ మంచికే చెప్పారు, పైగా ఊళ్ళో చాలామంది నమ్మేదీ అదే. బండి టైరు తిరిగేకొద్దీ అరుగుతుంది కాబట్టి కీలు కూడా అంతే అనుకుంటాం. కానీ టైరుకు ప్రాణం లేదు, కీలుకు ఉంది. మనం గుజ్జు అని పిలిచేది ఎముకల చివర్లకు అంటుకుని ఉండే నున్నటి పొర. బొండాంలో లేతకొబ్బరి పెంకుకు అంటుకుని ఉంటుందే, అలా ఊహించుకోండి. ఆ పొరలో రక్తనాళాలు ఉండవు. మరి దానికి తిండి ఎలా? కీలులో ఉండే జిగురు ద్రవం నుంచే. బరువు పడ్డప్పుడు పొర నొక్కుకుని ద్రవం బయటికి వస్తుంది, బరువు తీసినప్పుడు మళ్ళీ పీల్చుకుంటుంది. స్పాంజిని నీళ్ళలో పిండి వదిలినట్టు. అంటే నొక్కడం, వదలడం, ఈ రెండూ జరిగితేనే దానికి పోషణ. కదలకుండా ఉంచిన కీలుకు ఆ కాస్త తిండీ అందదు. తగిన మోతాదులో కదిపితే కీలు పాడవదు.

ఎక్స్‌రేలో మూడో స్టేజీ అని రాశారు కదా, ఆ మాట మీ మనసులో గట్టిగా పడిపోయినట్టుంది. ఎక్స్‌రే చూపించేది ఎముకలను, వాటి మధ్య సందును. నొప్పిని అది చూపించదు. సందు బాగా తగ్గిపోయినా హాయిగా మార్కెట్‌కి నడిచి వెళ్ళేవాళ్ళను చూశాను, ఎక్స్‌రే దాదాపు బాగున్నా గుమ్మం దాటలేనివాళ్ళనూ చూశాను. అరిగిన పొర మళ్ళీ కొత్తగా మొలవదు, ఆ మాట దాచను. కానీ మీ నొప్పి ఆ పొరలోంచి రావడం లేదు. ఆ పొరలో అసలు నొప్పి తెలిపే నరాలే లేవు. నొప్పి వచ్చేది చుట్టూ ఉన్న ఎముక నుంచి, కీలు సంచి నుంచి, స్నాయువుల నుంచి, భారం మోయలేక అలసిన కండరాల నుంచి. వీటిలో కండరాన్ని మీ వయసులోనే కాదు, డెబ్బై దాటాక కూడా బలపరచవచ్చు.

తొడ ముందు భాగంలో నాలుగు కండరాలు కలిసి మోకాలిచిప్పను పట్టుకుని ఉంటాయి. మెట్టు దిగేటప్పుడు ఒళ్ళు ధబీమని కింద పడకుండా మెల్లగా దించేది అవే. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు మూడు రెట్లకు పైగా భారం పడుతుంది. మీ 76 కిలోలకు లెక్క కడితే 220 దాటిపోతుంది, అదీ 72 మెట్ల పొడవునా. ఆ భారాన్ని కండరం అందుకోకపోతే నేరుగా కీలు అందుకుంటుంది. ఇంకో చిక్కు ఉంది. మోకాలిలో నొప్పి గానీ కొంచెం నీరు గానీ చేరితే, ఆ కండరానికి నరాల ద్వారా వచ్చే ఆజ్ఞే మందగిస్తుంది. నొప్పి అని కదలం, కదలకపోతే కండరం చిక్కుతుంది, చిక్కితే భారం కీలు మీద పడుతుంది, నొప్పి పెరుగుతుంది. రెండేళ్ళుగా మీరు ఈ సుడిలో తిరుగుతున్నారు. కాళ్ళు చాపి కూర్చుని మోకాలిచిప్పకు జానెడు పైన టేపు చుట్టి రెండు తొడలూ కొలవండి. కుడిది కాస్త సన్నబడి ఉంటే ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు అసలు విషయం, మూడోరోజు మీరు ఎందుకు భయపడ్డారన్నది. రెండేళ్ళుగా పని లేని కండరానికి పని చెబితే మొదటి రెండు వారాలు అది మూలుగుతుంది. చాన్నాళ్ళ తర్వాత ఇల్లంతా బూజు దులిపి, రోకలి పట్టిన మర్నాడు భుజాలు పట్టేయవా? దాన్ని మనం జబ్బు అనుకోం. మోకాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి నొప్పీ లోపల ఏదో పాడైపోతోందనే కబురులా వినిపిస్తుంది. అందుకని నొప్పికి మార్కులు వేయడం నేర్చుకోండి. అసలు లేకపోతే సున్నా, భరించలేనిదైతే పది. ఎక్సర్‌సైజు చేస్తున్నప్పుడు రెండు లోపు ఉంటే నిశ్చింతగా చేయండి. మూడు, నాలుగు, అయిదు దాకా వచ్చినా ఫర్వాలేదు. అయిదు దాటితే ఆపి, అదే ఎక్సర్‌సైజును తేలిక చేయాలి. రెండో లెక్క మర్నాటిది. చేసినందువల్ల పెరిగిన నొప్పి 24 గంటల్లో మళ్ళీ మీ మామూలు స్థాయికి దిగిపోతే ఆ మోతాదు మీకు సరిపోయినట్టే. దిగకపోతే, లేదా మోకాలు ఉబ్బితే, మోతాదు ఎక్కువైంది. అప్పుడు పదిసార్లు చేసేది ఆరుసార్లు చేయండి. మానేయొద్దు, తగ్గించండి. డెన్మార్క్‌లో 2013లో మొదలుపెట్టిన గ్లాడ్ అనే కార్యక్రమంలో మోకాళ్ళ, తుంటి నొప్పులవాళ్ళకు వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు వ్యాయామం చేయిస్తారు. అక్కడా నొప్పిని ఇలాగే కొలుస్తారు.

ఏం చేయాలో చెబుతాను. మీ కాగితం మీద పది బొమ్మలు ఉండి ఉంటాయి. పదీ అక్కర్లేదు.

పొద్దున్నే మంచం దిగకముందు, కుడి మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మోకాలితో తువ్వాలును మంచానికేసి నొక్కండి. తొడ బిగిసి మోకాలిచిప్ప పైకి జరుగుతుంది, చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు. తర్వాత ఎడమ మోకాలు మడిచి, కుడికాలు నిటారుగా జానెడు ఎత్తు లేపి, అయిదు లెక్కపెట్టి మెల్లగా దించండి. ఇదీ పదిసార్లు, ఆ తర్వాత కాలు మార్చి. అంకెలు పైకే లెక్కపెట్టండి. మీకు బీపీ ఉంది, ఊపిరి బిగబట్టకూడదు. నోటితో లెక్కపెడుతుంటే ఊపిరి బిగబట్టడం కుదరదు.

ఈ రెండూ నిద్రపోతున్న కండరాన్ని లేపడానికి. బలం ఇచ్చేది మూడోది, కుర్చీలోంచి లేచి కూర్చోవడం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, మీద రెండు దిండ్లు వేసి ఎత్తు చేయండి. ముందుకు జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్ళ కిందికి కాస్త వెనక్కి లాగి, ఒంటిని ముందుకు వంచి లేవండి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చినంత వంగితే లేవడం సులువవుతుంది. లేచేటప్పుడు మోకాళ్ళు ఒకదానికొకటి దగ్గరకు ముడుచుకోకూడదు, కాలి రెండో వేలి వైపే చూడాలి. అసలు కష్టం దిగేటప్పుడు. చతికిలబడకుండా మూడు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోండి. మెట్లు దిగడానికి కావలసిన బలం ఈ మూడంకెల్లోనే వస్తుంది. ఎనిమిదిసార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, ఇంకో ఎనిమిది. రోజు విడిచి రోజు. రెండు వారాలయ్యాక ఒక దిండు తీసేయండి, ఇంకో రెండు వారాలకు రెండోది. మొదట్లో చేతులతో తొడలు నొక్కి లేచినా తప్పులేదు, తర్వాత చేతులు కట్టుకుని చేయండి.

కొట్టులో బేరం లేని వేళ కౌంటరు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం పదిహేనుసార్లు చేయండి. పిక్కలకు బలం వస్తుంది, కూర్చుని బిగుసుకున్న కాళ్ళకు రక్తం ఆడుతుంది. నాలుగో వారం నుంచి మీ కొండ మెట్లలో అన్నిటికన్నా పొట్టి మెట్టు ఒకటి ఎంచుకుని, గోడ పట్టుకుని, కుడికాలు పైన పెట్టి ఎక్కి, దిగండి. ఎనిమిదిసార్లు. జిమ్ము వెతుక్కోనక్కర్లేదు, మీ వాకిట్లోనే 72 మెట్లున్నాయి. ఎక్సర్‌సైజుకు ముందు పావుగంట వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టుకుంటే బిగుతు తగ్గి హాయిగా చేస్తారు. మోకాలు ఉబ్బి ఉంటే మాత్రం కాపడం వద్దు, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు చాలు.

మొదటి రెండు మూడు వారాల్లో కండరం లావెక్కదు. నరాలు దాన్ని పిలవడం నేర్చుకుంటాయి, అందుకే ముందు నిలకడ వస్తుంది. అసలు బలం ఆరో వారం నుంచి తెలుస్తుంది, పన్నెండు వారాలకు బాగా కనిపిస్తుంది. కరెంటు ఇరవై నిమిషాల్లో ఇచ్చిన హాయి ఇందులో రాదు. కానీ ఇందులో వచ్చేది కొండెక్కేటప్పుడు కూడా మీతోనే ఉంటుంది.

ఈలోగా రోజు గడవాలి కదా. ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు పెట్టండి. మీకైతే ఎడమతో ఎక్కాలి, కుడితో దిగాలి. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ కలిపి, ఆ తర్వాతే ఇంకో మెట్టు. కర్ర పట్టుకోవడానికి నామోషీ పడకండి. కర్రను నొప్పి తక్కువున్న వైపు చేత్తో, అంటే ఎడమ చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల ఉపయోగం తక్కువ. కూరగాయలు, నీళ్ళ డబ్బా లాంటివి మీ అబ్బాయో, పక్కింటి పిల్లలో పైకి తెచ్చిపెడితే తీసుకోండి. ఆ మెట్లన్నీ ఒక్కసారిగా ఎక్కేయాలనే పట్టుదల వద్దు, ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకోండి.

కొట్టు గురించి నాకు ఎక్కువ దిగులుగా ఉంది. మోకాలు పూర్తిగా మడిచి బాసింపట్టు వేసుకుని గంటల తరబడి కూర్చోవడం, కిందనుంచి రోజుకు పాతిక ముప్పైసార్లు లేవడం, ఈ రెండూ ఇప్పటి మీ మోకాలికి మించిన పని. కనీసం ప్రతి ఇరవై నిమిషాలకోసారి కాళ్ళు చాపుకోండి. లేచేటప్పుడు ఒక పక్కకు తిరిగి, చేతులు నేలకు ఆనించి, మోకాళ్ళ మీదికి వచ్చి, ఎడమపాదం ముందుకు పెట్టి, పక్కనున్న పీటనో అరనో పట్టుకుని లేవండి. పరుపు అంచున ఒక ఎత్తు స్టూలు వేయించమని మీ షావుకారు గారిని అడగండి. కొట్లలో పనిచేసేవాళ్ళు కూర్చునే సదుపాయం కల్పించాలని కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టాల్లోనే రాసుకున్నారు. మీది అంతదాకా వెళ్ళే విషయం కాదు, అడిగితే చాలామంది యజమానులు వింటారు. ఏళ్ళ తరబడి నమ్మకంగా చేసే మనిషి మోకాళ్ళు పోయి మానేస్తే నష్టం వాళ్ళకూ ఉంది. మొహమాటపడకండి.

బరువు సంగతి క్లుప్తంగా. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నాలుగు కిలోలు తగ్గితే చాలు, తేడా మీకే తెలుస్తుంది. రాత్రి అన్నం సగం చేసి, ఆ సగం పప్పు, కూర, గుడ్డుతో నింపండి. కండరం కట్టడానికి కూడా అవే కావాలి.

మాత్రల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి రోజూ వేసుకుంటే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ పెరగొచ్చు. మీకు అసలే బీపీ ఉంది. ఈ వారమే మీ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, ఎన్నాళ్ళుగా ఏ మాత్ర వేసుకుంటున్నారో దాచకుండా చెప్పండి. కిడ్నీ పరీక్ష అవసరమా అని అడగండి. మాత్ర బదులు పైన రాసుకునే జెల్ సరిపోతుందేమో కూడా అడగండి, మోకాలికి అది చాలాసార్లు సరిపోతుంది. మోకాలిలోకి జిగురు ద్రవం ఎక్కించే గుజ్జు ఇంజెక్షన్ల గురించి ఎవరైనా చెబితే తొందరపడి డబ్బు పెట్టకండి. నేను ముందు చెప్పిన నైస్ సూచనల్లో అవీ వద్దనే ఉంది.

ఆపరేషన్ తప్పదా అన్నారు. మోకీలు మార్పిడి మంచి ఆపరేషనే, అవసరమైనవాళ్ళకు జీవితాన్ని తిరిగి ఇస్తుంది. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, ఇంట్లో నాలుగడుగులు కూడా వేయలేని స్థితి, మూడు నాలుగు నెలలు సరిగ్గా వ్యాయామం చేసినా మార్పు లేకపోవడం, ఇవి ఉంటే అప్పుడు దాని గురించి మాట్లాడాలి. మీరు రోజూ 72 మెట్లు ఎక్కి దిగి, పనికి వెళ్ళి వస్తున్నారు. మీకు ఇంకా ఆ వ్యాయామ వైద్యమే మొదలవ్వలేదు. ఒకవేళ ఎప్పుడైనా ఆపరేషన్ చేయించుకున్నా, ఇప్పుడు పెంచుకున్న తొడబలమే ఆ తర్వాత మిమ్మల్ని త్వరగా నడిపిస్తుంది. కాబట్టి ఈ కష్టం ఏ దారిలోనూ వృథా కాదు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఎక్సర్‌సైజులు ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం రావడం, ఒక పిక్క వాచి గట్టిపడి నొప్పి చేయడం, పడ్డాక కాలు మోపలేకపోవడం, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం. పొద్దున లేవగానే చేతివేళ్ళతో సహా చాలా కీళ్ళు గంటసేపు బిగుసుకుపోతుంటే అది వేరే రకం కీళ్ళవాతం కావచ్చు, దానికి రక్తపరీక్షలు, వేరే మందులు ఉంటాయి.

మళ్ళీ ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాలా అంటే, వెళ్ళండి. కానీ రోజూ వద్దు. పది పదిహేను రోజులకోసారి చాలు, ఆ 300 నెలకు రెండు మూడుసార్లే అవుతాయి. అదీ కష్టమైతే ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకుని ఎముకల విభాగంలో చూపించుకుని, ఫిజియోథెరపీకి రాయమని అడగండి. ఎక్కడికి వెళ్ళినా గమనించాల్సింది ఒకటే. మిమ్మల్ని నడిపించి చూశారా, కుర్చీలోంచి లేపి చూశారా, మీ ఇంటి మెట్ల గురించి, మీ పని గురించి అడిగారా? పోయినసారి ఇచ్చిన ఎక్సర్‌సైజు ఎదురుగా చేయించి, తప్పు దిద్ది, ఈసారి కొంచెం బరువు పెంచారా? బీపీటీ చదివినవాళ్ళా అని అడగడానికీ సంకోచించకండి. నాలుగేళ్ళకు పైగా చదివే డిగ్రీ అది, 2021లో వచ్చిన కేంద్ర చట్టంలో ఫిజియోథెరపిస్టులను కూడా ఆరోగ్య నిపుణుల జాబితాలో చేర్చారు. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకోవద్దు.

చివరగా మెట్లపూజ. మీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది ఆ ఒక్క వాక్యమే. ప్రతి మెట్టు దగ్గరా వంగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి, ఇంకో మెట్టెక్కడం. మోకాలి లెక్కలో చూస్తే మామూలుగా మెట్లెక్కడం కన్నా రెట్టింపు పని. మూడు నెలల తర్వాత దాన్ని విడిగా సాధన చేద్దాం. మీ ఇంటి మెట్ల మీదే, ఖాళీ చేత్తో, ఎడమకాలు పై మెట్టు మీద పెట్టి, తుంటి దగ్గర వంగి, వేలితో మెట్టు తాకి లేవండి. మొదటిరోజు అయిదు మెట్లు. నొప్పి అయిదు మార్కులు దాటకుండా, మర్నాటికి దిగిపోతుంటే వారానికి అయిదేసి మెట్లు పెంచుకుంటూ వెళ్ళండి. మొదటి ఏడాది కొండ మొత్తం కాకపోయినా, కొన్ని మెట్లకు మీరు బొట్టు పెట్టి, మిగతావి మీ కోడలి చేతో, ఆడపడుచు చేతో పెట్టించండి.

ఈ ఉత్తరం చదవగానే ఒక పని చేయండి. దిండు లేకుండా కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. పక్కన ఎవరినైనా ఉంచుకోండి. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళకే 12 కన్నా తక్కువైతే కాళ్ళ బలం చాలదని లెక్క. మీకు ఇప్పుడు ఆరే రావచ్చు, నాలుగే రావచ్చు. చేతులు వాడకుండా అసలు లేవలేకపోతే సున్నా అని రాసుకోండి. ఆ అంకె, పక్కన తేదీ గోడ క్యాలెండరు మీద వేయండి. ఆరు వారాల తర్వాత మళ్ళీ లెక్కపెట్టి, రెండు అంకెలూ నాకు రాసి పంపండి. వాటిని బట్టి తర్వాత ఏం చేయాలో చెబుతాను.